మూడో బ్యాచ్‌ను ముగించండి

మా భవనంలో ఎవరూ ఎలుకను చంపరు. ముగిస్తారు.

పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలోనే మాకీ మాట నేర్పారు. స్కీము కింద చేరిన ప్రతివాళ్ళూ జంతువుల సంరక్షణ మీద వారం పాటు శిక్షణ తీసుకోవాలి. ఎలుకల మొహం చూడనివాళ్ళకైనా తప్పదు. ప్రయోగాల ఎలుకలుండే జంతుశాల చూసుకునే డాక్టరమ్మ మొదటి రోజే బోర్డు మీద "చంపడం" అని రాసి, అడ్డంగా కొట్టేసి, దాని కింద "ముగించడం" అని రాసింది. నోరు జారి ఎవరైనా పాత మాట వాడితే ఆ రోజు హాజరు వేసేది కాదు. ఇలాంటి మెత్తటి మాటలంటే నాకు మొదట్నించీ ఒళ్ళుమంట. "చచ్చే ఎలుకకి ఏ మాటైతే ఏంటి మేడం?" అని అడిగి ఒక హాజరు పోగొట్టుకున్నాను.

జీవశాస్త్రాల్లో పరిశోధన చేసేవాళ్ళ కోసం పెట్టిన స్కీము అది. ఏడాదికో బ్యాచ్. మొదటి ఏడు మమ్మల్ని మూడు ల్యాబుల్లో తిప్పుతారు. సంతలో ఎడ్లను చూసినట్టు ప్రొఫెసర్లు మమ్మల్నీ, మేం వాళ్ళనీ చూసుకుంటాం. ఆ తర్వాత ఎవరో ఒకరి దగ్గర కుదురుకుని మిగతా మూడేళ్ళూ పని చేసుకోవాలి. నాలుగేళ్ళకూ ఫెలోషిప్ ఇస్తారు. ఇచ్చినందుకు శిక్షణలు: లెక్కలు కట్టడం, నైతికత, వేదిక మీద మాట్లాడటం, నాయకత్వం, చివరికి ఒత్తిడి తట్టుకోవడం కూడా. ఒక్కో శిక్షణకు ఇన్ని పాయింట్లు. అవి తగ్గితే ఫెలోషిప్ ఆగిపోతుంది. ఒత్తిడి తట్టుకునే శిక్షణకు వెళ్ళే తీరిక లేక ఒత్తిడికి గురైనవాళ్ళను నేను ముగ్గురిని చూశాను. మాది మూడో బ్యాచ్.

మా బ్యాచ్‌లో ఒకణ్ణి అందరం తాత అని పిలిచేవాళ్ళం. ముప్పై కూడా నిండని మనిషి. ముసలి ఎలుకల మీద పని చేస్తాడు కాబట్టి ఆ పేరు పడింది, అతనూ ఏమీ అనుకోలేదు. నోట్లో నాలుక లేని మనిషని బయటివాళ్ళు అనుకునేవారు కానీ ఎలుకల ఊసెత్తితే ఆపడం మా తరం అయ్యేది కాదు. ముసలితనంలో ఎలుక దారి ఎందుకు మరిచిపోతుందన్నది అతని ప్రశ్న. జంతుశాల చివరి గదిలో ఒక గుండ్రటి తొట్టి ఉండేది. నిండా తెల్ల రంగు కలిపిన నీళ్ళు. నీళ్ళ కింద ఎక్కడో ఒకచోట కనపడకుండా చిన్న తిన్నె. ఎలుకను నీళ్ళలో వదిలితే ఈదుకుంటూ ఆ తిన్నెను వెతుక్కుంటుంది. రోజూ వదిలితే రోజూ త్వరగా కనుక్కుంటుంది. కొన్నాళ్ళు ఆపి మళ్ళీ వదిలితే ఎంత గుర్తుందో తెలుస్తుంది. ఆ తర్వాత దాన్ని ముగించి, మెదడు తీసి, పలచగా కోసి చూడాలి.

అతను ఎలుకలను మూడు బ్యాచ్‌లుగా తెచ్చుకున్నాడు. మొదటి బ్యాచ్‌ను పడుచుతనంలోనూ, రెండో బ్యాచ్‌ను నడివయసులోనూ తొట్టిలో దింపి, పని పూర్తి చేసుకున్నాడు. మూడో బ్యాచ్‌కు రెండేళ్ళు నిండేదాకా ఆగాలి. ఎలుకకు రెండేళ్ళంటే మనకు పండు ముసలితనం. ఆ వయసు రాకముందు దాన్ని తొట్టిలో దింపకూడదు, ముందే దారి నేర్చుకుంటే లెక్క చెడిపోతుంది. అంటే రెండేళ్ళూ దాన్ని కూర్చోబెట్టి మేపడమే. స్కీము రాసినవాళ్ళకు మనిషి నాలుగేళ్ళలో డాక్టరవుతాడని తెలుసు కానీ, ఎలుక ముసలిదవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పినట్టు లేదు. నా పని ఈస్టు మీద, రొట్టెల పిండి పొంగించే సూక్ష్మజీవి అది. మధ్యాహ్నం వేసిన కణం సాయంత్రానికి ముత్తవ్వ అవుతుంది. అందుకే తాతను చూస్తే నాకు జాలీ, కొంచెం అసూయా రెండూ ఉండేవి. తొందరపడినా లాభం లేని పని చేసేవాడి మొహంలో ఒక నిదానం ఉంటుంది.

నేను అప్పుడప్పుడు టోపీ, ముసుగు, గౌనూ తొడుక్కుని అతనితో మూడో బ్యాచ్ ఎలుకలుండే గదిలోకి వెళ్ళేదాన్ని. వెచ్చగా, పొడి రంపపు పొట్టు వాసనతో ఉండేది. పెట్టెలో చెయ్యి పెడితే పడుచు ఎలుకలు మూలమూలకీ పరిగెత్తుతాయి. ఇవి అలా కాదు. బరువుగా తల తిప్పి చూసేవి. వీపుల మీద బొచ్చు అక్కడక్కడా రాలిపోయి ఉండేది. ఒకదానికి ఒక కన్ను మసకబారింది. దాన్ని పెదనాన్న అనేవాడు. "పెదనాన్నకి ఈమధ్య పళ్ళు పెరిగిపోతున్నాయి, మేత మెత్తగా నానబెట్టి పెడుతున్నా" అని ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఇంట్లో మనుషులు కూడా ఉన్నారు. భార్య ఒక మందుల దుకాణంలో పనిచేసేది. ఏడాది నిండిన పాప. జిరాక్సు షాపు మీద రెండు గదుల ఇల్లు, పగలంతా కింద యంత్రం తిరిగిన చప్పుడు. నన్ను వదినా అని పిలిచేది ఆ అమ్మాయి, తాత నాకు అన్నయ్య లాంటివాడని తనే తేల్చేసుకుని. "వదినా, పాపకి ఎన్ని నెలలో అడిగితే మీ అన్నయ్య తడుముకుంటారు. నా సవతులు, ఆ ఎలుకల వయసు మాత్రం రోజుల్తో సహా చెప్తారు" అని నవ్వేది. ఆ నవ్వు వెనక ఉన్నది నాకు తెలుసు. పక్క ఊళ్ళోని కాలేజీలో తాతకు ఉద్యోగం ఖాయమైంది. డాక్టరేటు చేతికి వచ్చాకే చేర్చుకుంటామన్నారు. ముసలి ఎలుకలు రెండేళ్ళు నిండి, తొట్టిలో ఈది, వాటి మెదళ్ళు కోస్తేనే డాక్టరేటు. ఆ ఇల్లు మొత్తం ఆ ఎలుకల ఆయుష్షు మీద నిలబడి ఉంది.

ఎలుకలకు రెండేళ్ళు నిండడానికి ఇంక రెండు నెలలుందనగా స్కీము కొత్త విడతలోకి మారింది. పాత బ్యాచ్‌ల కాగితాలు మూసేసి కొత్తవాళ్ళకు చోటు చేయాలి. తాత ముందుగానే స్కీము డైరెక్టరును కలిశాడు. "నీ సంగతి నాకు తెలుసు. మరో మూడు నెలలు పొడిగిస్తాం, నిశ్చింతగా పని చేసుకో" అని ఆయన మాటిచ్చాడు. ఆయన మంచివాడే. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, నాకు కడుపు మండేది అక్కడే.

అదే వారం మిగిలిన పాయింట్ల కోసం మా బ్యాచ్‌ను ఊరి బయట ఒక అతిథి గృహానికి తీసుకెళ్ళారు. ఉద్యోగ నైపుణ్యాల శిక్షణ. గుమ్మంలోనే ఒక బుట్ట పెట్టి ఫోన్లన్నీ ఆఫ్ చేయించి అందులో వేయించుకున్నారు. ధ్యాస చెదరకూడదట. శిక్షకురాలు మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారో బొమ్మ వేయమంది. తాత తొట్టి వేశాడు. నేను పక్కన ఎలుకకు కర్ర, కళ్ళజోడు వేసిచ్చాను. అందరం నవ్వుకున్నాం.

తిరిగొచ్చిన రోజు బస్సు దిగి బ్యాగులతోనే భవనంలోకి వెళ్ళాం. "పద, మా ముసలాళ్ళని ఓసారి పలకరించి టీకి పోదాం" అన్నాడు. గౌన్లు తొడుక్కుని లోపలికి వెళితే గది ఖాళీగా ఉంది. అరలు తుడిచి ఉన్నాయి. కడిగిన పెట్టెలు గోడవారగా బోర్లించి ఆరబెట్టారు. ముక్కు మండేలా బ్లీచింగ్ వాసన. గది మార్చారు కాబోలు అనుకుని తాత డాక్టరమ్మ దగ్గరకు నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

"మేడం, మా వాటిని ఏ గదిలోకి మార్చారు?"

"మార్చడమేంటి బాబూ? నిన్న ముగించేశాం కదా."

తాత నవ్వాడు. "అవి కాదు మేడం. నావి. మూడో బ్యాచ్."

"అవును, మూడో బ్యాచే. మీ స్కీము ఆఫీసు నుంచే కదా ఆర్డరొచ్చింది?" అంటూ ఆవిడ కంప్యూటరు మావైపు తిప్పింది. "మూడో బ్యాచ్‌ను ఈ నెలాఖరులోగా తప్పనిసరిగా ముగించండి. ఖాళీ అయిన స్థానాలను కొత్త బ్యాచ్‌కు కేటాయిస్తాం" అని ఉంది. స్కీము ఆఫీసులో కొత్తగా చేరిన కోఆర్డినేటరు రాసిన మెయిలు అది. స్కీముతో లావాదేవీ ఉన్న అందరికీ పంపాడు. ఎలుకల పెట్టెల అద్దె స్కీమే కడుతుంది కాబట్టి జంతుశాలకూ వెళ్ళింది.

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. ఆ మూడో బ్యాచ్ మేము. మా కాగితాలు ముగించమని, మా కుర్చీలు ఖాళీ చేయించమని రాశాడతను. ప్రపంచంలో ఇంకెక్కడ చదివినా ఆ మాటకు అదే అర్థం వస్తుంది. మా భవనంలో, మాకు నేర్పిన భాషలో, ఇంకొక అర్థం ఉంది.

"మేడం, అది ఎలుకల గురించి కాదు. మనుషుల గురించి" అన్నాను.

డాక్టరమ్మ తెరవైపు చూసింది. మళ్ళీ చదివింది. పెదవులు కదులుతున్నాయి. "నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశాను బాబూ" అంది చివరికి. "ఇంకొన్నాళ్ళే కదా, ఇప్పుడెందుకు అనిపించి చేశాను. స్విచ్చాఫ్ వచ్చింది. సరేలే అని మీ సారుకి మెసేజ్ పెట్టాను. మూడో బ్యాచ్‌ని ముగించమంటున్నారు, చేసేయమంటారా అని. ఇదుగో చూడు, స్కీము వాళ్ళు చెప్పినట్టే చేయండి, ఆలస్యం వద్దు అన్నారు."

సారంటే తాత పరిశోధనకు గైడు. ఆయన ఏదో సమావేశంలో బల్ల కింద ఫోను పెట్టుకుని జవాబిచ్చి ఉంటారు. ఆయన కూడా మా గురించే అనుకున్నారు.

"చంపేశారు" అన్నాను. డాక్టరమ్మ సరిదిద్దలేదు.

తాత ఆవిడ వైపు తిరిగాడు. "ఎక్కడున్నాయి?" అని అడిగాడు. ఆవిడ నడవ చివర ఫ్రీజరు చూపించింది. కాల్చడానికి పంపేముందు అందులో ఉంచుతారు. మూత తీసి, పసుపు సంచులు ఒక్కొక్కటే పైకి లాగి నేల మీద పెట్టి ముడులు విప్పాడు. గట్టిపడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చెవులకున్న బిళ్ళలు చూసి వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. అలా గడ్డకట్టిన మెదడు లోపల చిట్లిపోతుందని, పలచగా కోస్తే జల్లెడలా ఉంటుందని అతనికి నాకంటే బాగా తెలుసు. అయినా పేరుస్తూనే ఉన్నాడు. పెదనాన్నను చేతిలోకి తీసుకుని మసక కన్ను మీది మంచు బొటనవేలితో తుడిచాడు. నేను సిగ్గులేకుండా ఏడ్చాను. డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడి "నొప్పి తెలియకుండానే చేశాం బాబూ, నేనే దగ్గరుండి చేశాను" అని రెండుసార్లు అంది. అతను తల ఊపాడు.

ఇంట్లో చెప్పలేదతను. రెండు రోజులకు ఆ అమ్మాయే నాకు ఫోన్ చేసింది. "వదినా, ఆయన అన్నం తినట్లేదు, అడిగితే జ్వరమంటున్నారు. ఒళ్ళు చూస్తే చల్లగానే ఉంది. నిజం చెప్పండి" అంది. చెప్పాను. అవతల కింద షాపులో యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. "ఎవర్ని తిట్టమంటారు వదినా?" అంది ఆఖరికి. "తిడితే కాస్త మనసు కుదుటపడుతుంది. ఎవరో ఒకరు తప్పు చేసుంటే బాగుండేది." ఫోను పెట్టేశాక ఆ కోఆర్డినేటరును, డాక్టరమ్మను, గైడును, బుట్ట పట్టుకున్న శిక్షకురాలిని వరసబెట్టి తిట్టుకున్నాను. ఆమె చెప్పినట్టు కుదుటపడటం మాత్రం జరగలేదు.

మీటింగు పెట్టారు. బ్యాచ్ తరఫున నేనూ వెళ్ళాను. కోఆర్డినేటరు, పాపం నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రవాడు, కళ్ళు ఎర్రగా చేసుకుని కూర్చున్నాడు. డైరెక్టరు తాత భుజం మీద చెయ్యి వేసి చాలా విచారం వెలిబుచ్చాడు. గైడుగారు గొంతు సవరించుకున్నారు.

"జరిగిందేదో జరిగింది. ఫ్రీజర్లో ఉన్న మెదళ్ళే కోద్దాం. కొంచెం పాడైతే పాడయ్యాయి. వయసు రెండు నెలలే తక్కువ. రెండేళ్ళని రాసేద్దాం. ఎలుకల పుట్టినరోజులు ఎవరడుగుతారయ్యా?"

"మరి ఈత సార్?" అన్నాడు తాత.

"ఈత సంగతి... నడివయసు వాటిని బట్టి కొంత అంచనా వేయొచ్చు. నేను చూసుకుంటాలే."

గదిలో అందరూ బల్లవైపు చూస్తున్నారు. నేను తాతవైపు చూశాను. ఒప్పుకోరా అని మనసులో మొక్కుకున్నాను, దాచడమెందుకు. పాప గుర్తొచ్చింది, ఆ కాలేజీ ఉద్యోగం గుర్తొచ్చింది. ప్రపంచంలో ఇంత ముసలి ఎలుకలు మరో రెండు నెలలు ముసలివని రాస్తే ఎవడి ఇల్లు కూలుతుంది?

"అవి మరిచిపోయాయో లేదో నేను చూడలేదు సార్" అన్నాడు తాత. కోపం లేదు గొంతులో. "చూడనిది ఎలా రాస్తాను? కొత్తవి తెచ్చుకుని మళ్ళీ పెంచుతాను. ఇంకో రెండేళ్ళు ఇప్పించండి."

గైడుగారు చేతులెత్తేశారు. డైరెక్టరు నిజంగానే బాధపడుతూ చెప్పాడు. మూడో బ్యాచ్ ఖాతా మూసేశారు. తెరవడం తన చేతుల్లో లేదు. మూడు నెలల పొడిగింపు కూడా మిగిలిన పని కోసమే గానీ, మొదట్నించీ మొదలుపెట్టే పనికి కుదరదు. ముసలితనం మీద థీసిస్‌లో ముసలి ఎలుకలే లేకపోతే పరీక్షకులు ఒప్పుకోరు. "కానీ ఒక్క విషయం గుర్తుంచుకో. ఈ స్కీము పెట్టింది ఫలితాల కోసం కాదు, మనుషుల్ని తయారు చేయడం కోసం. శిక్షణ పాయింట్లు మీ బ్యాచ్‌లో అందరికంటే నీకే ఎక్కువ. ఆ లెక్కన నువ్వు మా విజయానివి" అన్నాడు. వెటకారం కాదు. పుండు మీద కారం చల్లుతున్నానని కూడా తెలియదాయనకు.

కాలేజీ వాళ్ళు కొన్నాళ్ళు ఆగి ఇంకొకరిని తీసుకున్నారు. తాతను ఊరికే వదిలేయడం స్కీము వాళ్ళకు మనస్కరించలేదు. ఆఫీసులో శిక్షణ సహాయకుడిగా చిన్న ఉద్యోగం ఇచ్చారు. ఇచ్చి, కొత్త బ్యాచ్‌లకు ఒక కొత్త శిక్షణ ప్రవేశపెట్టారు. పేరు "స్పష్టంగా రాయడం". ఉదాహరణ ఏమిటో చెప్పనక్కర్లేదు. చెప్పేది ఎవరో కూడా చెప్పనక్కర్లేదు. "అనుభవం ఉన్నవాడు చెబితే పిల్లలకు హత్తుకుంటుంది" అన్నాడట డైరెక్టరు.

నాకు డాక్టరేటు వచ్చింది. అదే భవనంలో ఇంకో ల్యాబులో ఉన్నాను. రెండేళ్ళపాటు ఆ శిక్షణ జరిగే గది ముందు నుంచి పోవాల్సి వచ్చినా చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. మూడో ఏడు ఒకరోజు తలుపు తెరిచి ఉంటే వెనక వరసలో కూర్చున్నాను.

మనిషి కొంచెం లావయ్యాడు. బాగా చెబుతున్నాడు. ఆ వాక్యం తెర మీద వేసి "ఇది చదివితే మీకేం అర్థమైంది?" అని అడిగాడు. పిల్లలు చెప్పారు. "జంతుశాలలో ఏం అర్థమవుతుంది?" అన్నాడు. ఒక్క నిమిషం ఆగి ఎవరో కిసుక్కుమన్నారు, ఆపైన గదంతా నవ్వింది. "ఇంకా నయం సార్, బ్యాచంటే మనుషులని అర్థం చేసుకోలేదు, లేకపోతే మిమ్మల్నే ముగించేసేవాళ్ళు!" అన్నాడొకడు. తాత కూడా వాళ్ళతో నవ్వాడు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈ జోకు వేస్తారని, దానికోసం అతను ఆగుతాడని నాకు తెలిసిపోయింది. లేచి ఆ జోకు వేసినవాడి చెంప పగలగొట్టాలనిపించింది.

నవ్వులు ఆగాక రెండో వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, మరి ముసలివైతే దారి ఎందుకు మరిచిపోతాయో తేలిందా?"

మీటింగులో అంతమంది పెద్దలు కూర్చున్నారు. ఒక్కరూ అడగని ప్రశ్న అది. తాత చేతిలోని రిమోటు బల్ల మీద పెట్టేశాడు. అతని మొహంలోకి వెలుగు రావడం వెనక వరసలోంచి కూడా కనిపించింది నాకు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద గుండ్రం గీశాడు. "ఇది తొట్టి అనుకోండి. ఇక్కడ నీళ్ళ కింద తిన్నె ఉంది. పడుచు ఎలుక ఇలా వస్తుంది" అని ఒక తిన్నటి గీత గీశాడు. "నడివయసుది కొంచెం తిరుగుతుంది. ఇదుగో, ఇక్కడిదాకా వెళ్ళి, ఏదో తప్పుగా ఉందని దానికే అనిపించి వెనక్కి తిరుగుతుంది. ఆ తిరగడం ఉందే, అది చూడాలి మీరు. చాలా అందంగా ఉంటుంది." రెండో గీత ఒంపు తిరిగి తిన్నె దగ్గర ఆగింది. పిల్లలు ముందుకు వంగి చూస్తున్నారు. కొందరు రాసుకుంటున్నారు.

"ముసలిది అయితే..." అని సుద్దను గుండ్రం అంచున ఆనించాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. నేను తల దించుకున్నాను, అటు చూడలేకపోయాను.

"ముసలిది ఏం చేస్తుందో నాకు తెలీదమ్మా" అన్నాడు. "నేను చూడలేదు."